బొగ్గు రేవులో ఒపేరా

ఒపేరా అంటే మనలో చాలామందికి కళ్లముందు మెదిలేది ఒకే బొమ్మ. సినిమాల్లో చూసిందే. బాల్కనీల్లో ముత్యాల హారాలు వేసుకున్న ఆడవాళ్లు, నల్లకోట్ల పెద్దమనుషులు, వేదిక మీద ఓ భారీ శాల్తీ గుండెలవిసేలా పాడుతుంటే ముందు వరసలో ఒకాయన కునికిపాట్లు... నిజానికి బ్రిటన్‌లోనూ సగం మంది మనసులో ఉన్నది ఆ బొమ్మే. డబ్బున్నవాళ్ల సరదా అని తీసిపారేసేవాళ్లకు అక్కడా కొదవలేదు.

వేల్స్ రాజధాని కార్డిఫ్‌కి వెళ్తే మాత్రం ఆ బొమ్మ చెదిరిపోతుంది. ఎందుకంటే అక్కడ ఒపేరాను నిలబెట్టింది జమీందార్లు కాదు. పగలంతా ఒళ్లొంచి పనిచేసి, సాయంత్రం స్నానం చేసి, రిహార్సల్‌కి పరుగెత్తిన మనుషులు. గని కార్మికులు, బడిపంతుళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, డాక్టర్లు. వాళ్లు మొదలుపెట్టిన పాటకు ఇప్పుడు ఓ బ్రహ్మాండమైన ఇల్లుంది. ఆ ఇంట్లో పాడేవాళ్లను నిలబెట్టుకోవడమే కష్టమైపోయింది.

లండన్ పాడింగ్టన్ స్టేషన్లో రైలెక్కితే దాదాపు రెండు గంటల్లో కార్డిఫ్. ఊరి నడిబొడ్డు నుంచి దక్షిణంగా మైలున్నర నడిస్తే నీళ్లు కనిపిస్తాయి. అదే కార్డిఫ్ బే. ఇప్పుడక్కడ రెస్టారెంట్లు, పడవ షికార్లు, ఐస్‌క్రీమ్ తింటూ తిరిగే పిల్లలు. ఒకప్పుడు ఉన్నది మాత్రం బొగ్గు, బొగ్గు, బొగ్గు. వెనకున్న లోయల్లో తవ్విన బొగ్గంతా రైళ్లలో ఇక్కడికొచ్చి ఓడలెక్కేది. 1913 ఒక్క ఏడాదిలోనే ఈ రేవు నుంచి కోటి టన్నులకు పైగా వెళ్లింది. ఓడలతో పాటే సోమాలియా, యెమెన్, నార్వే... ఎక్కడెక్కడి నావికులో వచ్చి స్థిరపడ్డారు. ఆ పేటనే టైగర్ బే అనేవాళ్లు. నార్వే నావికుల తెల్లటి చెక్క చర్చి ఇప్పటికీ నీళ్ల ఒడ్డున కనిపిస్తుంది, విప్పి మళ్లీ కట్టిన రూపంలో. ‘చార్లీ అండ్ ద చాకొలెట్ ఫ్యాక్టరీ’ రాసిన రోల్డ్ డాల్‌కి బాప్టిజం ఇచ్చింది ఆ చర్చిలోనే. కార్డిఫ్‌లో పుట్టిన నార్వే వాళ్ల అబ్బాయి మరి! మనం వెతుక్కుంటూ వచ్చిన భవనం ముందున్న మైదానానికి ఆయన పేరే పెట్టారు.

పలకల మేడ

వేల్స్ మిలీనియం సెంటర్. 2004 నవంబరులో తెరిచారు. దూరం నుంచి చూస్తే ఏదో పెద్ద జంతువు ఒడ్డున ముడుచుకుని పడుకున్నట్టుంటుంది. ఊళ్లోవాళ్లు ముద్దుగా ‘ఆర్మడిల్లో’ అని పిలుచుకుంటారు. మన అలుగులాగే వీపంతా పెంకులుండే జంతువది. కంచు రంగులో మెరిసే ఉక్కు కప్పును చూస్తే పేరు సరిగ్గా కుదిరిందనిపిస్తుంది.

నన్ను ఆపేసింది కప్పు కాదు, గోడలు. అచ్చంగా పలకరాయి. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లెవరైనా ఆ గోడను చేత్తో తడమకుండా ముందుకెళ్లలేరు. ఊదా, నీలం, ఆకుపచ్చ, బూడిద, నలుపు... ఒక్కో రంగు వేల్స్‌లోని ఒక్కో క్వారీ నుంచి వచ్చింది. సముద్రం పక్కన కొండచరియలో రాతిపొరలు ఎలా కనిపిస్తాయో అలా, సన్నవీ మందపువీ కలిపి పేర్చుకుంటూ పోయారు. భవనశిల్పి జొనాథన్ ఆడమ్స్ వేల్స్ మనిషే. చూడగానే ఇది మా దేశం అనిపించాలన్నది ఆయన పట్టుదల. కొత్త భవనమైనా రేవు పుట్టినప్పుడే పుట్టినట్టుంటుంది.

ముందువైపు కప్పులోకి నిలువెత్తు అక్షరాలు తొలిచారు. కవయిత్రి గ్వినెత్ లూయిస్ రాసిన రెండు వాక్యాలు. ఒకటి వెల్ష్, ఒకటి ఇంగ్లీషు. తమాషా ఏమిటంటే ఒకటి ఇంకోదానికి అనువాదం కాదు, దేని అర్థం దానిదే. ఆ అక్షరాలే కిటికీలు. రాత్రి లోపలి దీపాలు వెలిగితే వాక్యాలు బయటికి వెలుగుతాయి. పగలు పై అంతస్తులో కాఫీ పట్టుకుని కూర్చుంటే అక్షరాల సందుల్లోంచి నీళ్లూ పడవలూ కనిపిస్తాయి.

లోపల నడవాల నిండా చెక్కపని. పెద్ద హాలులో దాదాపు 1,900 మంది పడతారు. కోటి పౌండ్లు విరాళమిచ్చిన దక్షిణాఫ్రికా వ్యాపారి డొనాల్డ్ గోర్డన్ పేరే దానికి పెట్టారు. టికెట్ లేకపోయినా ముందు హాల్లోకి ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు. నేను వెళ్లిన మధ్యాహ్నం ఒక తల్లి స్ట్రోలర్‌లో పిల్లాణ్ని నిద్రపుచ్చుతోంది. ఇద్దరు ముసలాళ్లు ఒకే పేపరు పంచుకుని చదువుకుంటున్నారు.

ఒక మాట చెప్పాలి. ఇది ఒపేరా కోసమే కట్టిన మందిరం కాదు. ఎక్కువ వారాలు ‘లయన్ కింగ్’ లాంటి పెద్ద సంగీత నాటకాలే ఆడతాయి. ఒపేరా ఏడాదిలో కొన్ని వారాలే. అలా ఎందుకైందన్నదానికి ఓ గొడవ కథ ఉంది.

రగ్బీనా? ఒపేరానా?

ఇదే చోట కేవలం ఒపేరా కోసం ఓ భవనం కట్టాలని 1990ల మొదట్లో అనుకున్నారు. ప్రపంచవ్యాప్తంగా డిజైన్ల పోటీ పెట్టారు. 1994లో గెలిచింది బాగ్దాద్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన జహా హదీద్. అప్పటికి ఆమె గీసినవి ఎక్కువ, కట్టినవి తక్కువ. కొందరికి ఆ డిజైన్ అద్భుతమనిపించింది. చాలామందికి అర్థమే కాలేదు. ఇంతలో పత్రికల్లో, వీధుల్లో పెద్ద రభస. గనులు మూతపడి లోయల్లో జనం పనుల్లేక ఉంటే, లాటరీ డబ్బుతో షోకిలాలకు పాటల మేడా? అని. 1995 డిసెంబరులో మిలీనియం కమిషన్ డబ్బివ్వనంది. అదే కమిషన్ సాయంతో ఊరి మధ్యలో రగ్బీ స్టేడియం లేచింది. 1999లో తెరిచారు కూడా.

వేల్స్‌లో రగ్బీ అంటే మన దగ్గర క్రికెట్ లాంటిది. దానితో పోటీపడి ఒపేరా గెలిచే ప్రశ్నే లేదు. జహా హదీద్ మాత్రం ఆ దెబ్బను చాలాకాలం మరిచిపోలేదంటారు. 2004లో వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకుంది. ఆ గౌరవం దక్కిన తొలి మహిళ ఆమే. సరిగ్గా ఆ ఏడాదే ఆమె భవనం లేవాల్సిన రేవులో ఈ పలకల మేడ తలుపులు తెరుచుకున్నాయి. ఆమె గీసిన ఒపేరా హౌస్ ఒకటి చివరికి 2010లో లేచింది, చైనాలోని గ్వాంగ్‌జౌలో.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు కార్డిఫ్ వాళ్లు తెలివిగా వ్యవహరించారు. ‘ఒపేరా’ అన్న మాట పేరులోంచి తీసేశారు. నాటకం, నాట్యం, సంగీతం, పిల్లల సంస్థలు... అందరికీ చోటన్నారు. పదికోట్ల పౌండ్లు దాటిన ఖర్చుకు అప్పుడు ఒప్పుకున్నారు. పేరు మార్చి పని సాధించుకోవడం మనకు కొత్తేం కాదుగా!

నాకు మాత్రం షోకిలాల సరదా అన్న ఆ నింద అన్యాయమనిపించింది. కారణం ఇక్కడి పాట పుట్టుక.

గనిలోంచి గానం

వేల్స్‌ను ‘పాటల దేశం’ అంటారు. ఊరికే అనలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రతి గని ఊళ్లోనూ చాపెల్, ప్రతి చాపెల్‌లోనూ బృందగానం. పాశ్చాత్య సంగీతం చదవాలంటే ఐదు గీతల స్వరలిపి రావాలి. దానికి మాస్టారు, పియానో, డబ్బు... బొగ్గు తవ్వేవాడికి అవన్నీ ఎక్కణ్నుంచి వస్తాయి? వాళ్లకు దారి చూపింది ‘టానిక్ సోల్‌ఫా’. గీతల్లేవు, చుక్కల్లేవు. డో, రే, మి అన్న స్వరాలకు ఒక్కో అక్షరం, అంతే. మనం స రి గ మ రాసుకున్నట్టే. ఆ అక్షరాలు నేర్చుకుని, వాయిద్యం ముట్టనివాళ్లు కూడా నాలుగు గొంతుల పెద్దపెద్ద కృతులు పాడేశారు.

అలా వచ్చినవాడే జోసెఫ్ పారీ. 1841లో మెర్థిర్ టిడ్‌ఫిల్‌లో పుట్టాడు. తొమ్మిదేళ్లకే గనిలో పని. పెద్దయ్యాక వెల్ష్ భాషలో తొలి ఒపేరా ‘బ్లాడ్‌వెన్’ స్వరపరిచాడు. అది 1878లో వేదికెక్కింది.

ఇక వెల్ష్ నేషనల్ ఒపేరా పుట్టింది యుద్ధం మధ్యలో. 1943లో ఇడ్లోస్ ఓవెన్ అనే పాటల మాస్టారు, ఒక గ్యారేజీ యజమాని, మరికొందరు కలిసి మనకూ ఓ ఒపేరా కంపెనీ కావాలనుకున్నారు. బాంబులు పడిన ఊళ్లో, రేషన్ కార్డుల కాలంలో ఆ మాట అనడానికే గుండెలుండాలి. 1946 ఏప్రిల్లో కార్డిఫ్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ థియేటర్లో తొలి ప్రదర్శన. ‘కవలేరియా రుస్తికానా’, ‘పాల్యాచీ’... ఒకే రాత్రి రెండు చిన్న ఒపేరాలు. వాయిద్యాల వాళ్లకు డబ్బులిచ్చారు. కోరస్ మాత్రం ఉచితం. సెలవు దొరకనివాళ్లు షిఫ్టు మార్పించుకుని వచ్చి పాడారు. ఆ థియేటర్ తర్వాతి కాలంలో పబ్ అయింది. సెయింట్ మేరీ వీధిలో ఉంటుంది, పేరు మాత్రం పాతదే. బీరు తాగేవాళ్ల నెత్తిమీద ఇప్పటికీ పాత నాటకశాల నగిషీలు కనిపిస్తాయి.

1952లో వెర్డీ ‘నబుకో’ ఆడారు. బ్రిటన్‌లో దాన్ని దాదాపు మరిచిపోయిన రోజులవి. చెరలో ఉన్న బానిసలు సొంత ఊరిని తలుచుకుంటూ పాడే బృందగీతం దానికి ప్రాణం. గని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆ పాట పాడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1955లో లండన్ వెళ్లి ఆడినప్పుడు విమర్శకులు ముందుగా మెచ్చుకున్నది కోరస్‌నే. ప్రధాన గాయకుల సంగతి తర్వాత. ఇలాంటి ముచ్చట ఒపేరా లోకంలో అరుదు. మన పద్యనాటకంలో కృష్ణుడి పద్యాలను వదిలేసి, వెనకున్న సైనికులకు జనం ‘వన్స్ మోర్’ కొట్టినట్టన్నమాట.

ఆ రోజుల్లోదే ఇంకో ముచ్చట. అమెరికా నల్లజాతి గాయకుడు పాల్ రోబ్సన్ పాస్‌పోర్టును ఆ దేశ ప్రభుత్వం లాగేసుకుంది. వేల్స్ గని కార్మికుల పాటల పండగకు ఆయన రాలేడు. అయితేనేం? 1957లో న్యూయార్క్ నుంచి టెలిఫోన్‌లో పాడాడు. పోర్త్‌కాల్ ఊళ్లో వేలమంది లౌడ్‌స్పీకర్లో విని, తిరిగి ఫోన్‌లోనే ఆయనకు పాడి వినిపించారు.

వెల్ష్ కోరస్ పూర్తిగా జీతాల కోరస్‌గా మారింది 1973లో. ఆ కంపెనీ న్యూ థియేటర్ అనే ఇరుకు హాలులో యాభై ఏళ్లు నెట్టుకొచ్చి, 2005 మొదట్లో ఈ కొత్త ఇంట్లో పాడటం మొదలుపెట్టింది. ఉత్తర వేల్స్ రైతుబిడ్డ బ్రిన్ టర్ఫెల్ 2010లో ఇక్కడే వాగ్నర్ ఒపేరాలో చెప్పులు కుట్టే హాన్స్ సాక్స్‌గా పాడితే పత్రికలు పొగడ్తలతో నిండిపోయాయి.

ఊరే విలన్

నేను చూసింది 2025 ఏప్రిల్లో, బెంజమిన్ బ్రిటన్ స్వరపరిచిన ‘పీటర్ గ్రైమ్స్’. మెలీ స్టిల్ దర్శకత్వం, టొమాష్ హానుస్ వాద్యబృంద నిర్వహణ, గ్రైమ్స్‌గా నికీ స్పెన్స్. ఒపేరా కొత్తవాళ్లకు ఇది తేలికైన కథే. సముద్రపు పల్లెలో ఓ మొరటు జాలరి. అతని దగ్గర పనికి కుదిరిన కుర్రాడు నడిసముద్రంలో చనిపోతాడు. జాలరే చంపాడని ఊరు గుసగుసలాడుతుంది. రెండో కుర్రాడికీ ఏదో అవుతుంది. ఇక ఊరు ఊరంతా వేటకు బయల్దేరుతుంది. ఇందులో విలన్ ఫలానా మనిషి అని లేదు. నలుగురూ అనుకునే మాటే విలన్. అంటే కోరస్సే!

పాట ఇంగ్లీషులోనే. అయినా వేదిక పైన తెరమీద మాటలు కనిపిస్తుంటాయి, వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన. రెండు భాషల రాజధాని కదా. నా పక్కనున్న పెద్దావిడ వెల్ష్ మాటలు చదువుతూ మధ్యలో ఒకసారి తలాడించింది.

మూడో అంకంలో అందరూ వేదిక ముందుకొచ్చి అతని పేరు పెట్టి కేకేస్తారు. మైకుల్లేవు, స్పీకర్లు లేవు. వట్టి గొంతులు. ఆ కేక ఛాతీ మీద తగులుతుంది. అది ఆగాక వచ్చే నిశ్శబ్దం ఇంకా భయంకరం. తర్వాత ఎక్కడో దూరంగా మంచులో ఓడల హెచ్చరిక బూర, దూరం నుంచి సన్నగా అదే పేరు, మధ్యలో మతి తప్పిన ఒంటరి మనిషి. చివరికి పడవ తీసుకెళ్లి సముద్రంలో ముంచేసుకోమని స్నేహితుడే చెప్తాడు. ఆ మాటలకు సంగీతం లేదు, మామూలుగా మాట్లాడతారు. అంత సంగీతం విన్నాక ఆ ఉత్త మాటలు విని వెన్ను జలదరించింది. మొదటి అంకం కాస్త సాగిందన్నది నిజం. కానీ ఈ ఇరవై నిమిషాల కోసం మళ్లీ వెళ్లమన్నా వెళ్తాను.

చుక్కలు సరే, జీతాలో?

ఒపేరా సమీక్షలు అక్కడి పత్రికల్లో ఇప్పటికీ వస్తున్నాయి. మొదటి రాత్రికి విమర్శకుల్ని పిలుస్తారు. ఒకటి రెండు రోజుల్లో సమీక్ష, నెత్తిన చుక్కలు. ఐదుకి ఇన్నని. మన సినిమా రివ్యూల్లోలాగా రెండుమ్ముప్పావు బేరాలు సాధారణంగా ఉండవు. గాయకుడు ఏ స్వరం దగ్గర తడబడ్డాడో, వాద్యబృందం ఎక్కడ గొంతును మింగేసిందో విడమరిచి రాస్తారు. చదివితే చూడని ప్రదర్శన కూడా కాస్త వినిపిస్తుంది. ‘పీటర్ గ్రైమ్స్’కి మంచి చుక్కలే పడ్డాయి. అంతకుముందు ఏడాది సర్కస్ కళాకారులను కలుపుకుని ఆడిన ‘డెత్ ఇన్ వెనిస్’కీ అంతే. కోరస్‌కు, వాద్యబృందానికి ప్రత్యేకంగా ఓ మెచ్చుకోలు దాదాపు తప్పనిసరి.

అవే పత్రికల వార్తల పేజీల్లో వేరే సంగతి నడుస్తూ వచ్చింది. ఈ కంపెనీ ఇంగ్లండ్ ఊళ్లలోనూ ఆడుతుంది కాబట్టి రెండు దేశాల కళామండళ్లూ డబ్బిస్తాయి. 2022 నవంబరులో ఇంగ్లండ్ మండలి తన వాటా 35 శాతం కోసేసింది. మరుసటి ఏడాది వేల్స్ మండలి కూడా దాదాపు 12 శాతం తగ్గించింది. ముందు లివర్‌పూల్ ప్రదర్శనలు పోయాయి. తర్వాత బ్రిస్టల్, ఉత్తర వేల్స్‌లోని లాండుడ్నో పెద్ద ప్రదర్శనలు ఆగాయి. పేరేమో వేల్స్ జాతీయ ఒపేరా. ఉత్తర వేల్స్ వాళ్లకే అందకపోతే ఎలా? ఆ తర్వాత కత్తి వాద్యబృందం, కోరస్ మెడల మీదికొచ్చింది. పనిగంటలు తగ్గిస్తాం, జీతాలు తగ్గిస్తాం అన్నారు. 2024 మేలో గాయకులు, వాద్యకారులు మిలీనియం సెంటర్ పక్కనే ఉన్న వేల్స్ చట్టసభ ‘సెనెడ్’ మెట్ల దగ్గరికొచ్చి పాటతోనే నిరసన చెప్పారు. ఆ సెప్టెంబరులో వ్యవహారం సమ్మె ఓటింగు దాకా వెళ్లింది.

ఆసుపత్రులకే డబ్బుల్లేనప్పుడు ఒపేరాకు ఎక్కణ్నుంచి తెస్తామని ప్రభుత్వం అంటుంది. ఆ ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. కానీ కోరస్ అంటే పదిమంది పాటగాళ్లను కాంట్రాక్టు మీద తెచ్చుకుని కలిపేది కాదు. ఏళ్లతరబడి పక్కపక్కన నిలబడి పాడితే పక్కవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో తెలుస్తుంది. ‘గ్రైమ్స్’లో ఆ కేక అలా వచ్చిందే. ఒకసారి చెదిరితే పలకరాళ్లలా మళ్లీ పేర్చుకోవడం కుదరదు.

2025 జనవరిలో ఇద్దరు మహిళలు పగ్గాలు పట్టారు, అడెల్ థామస్, సారా క్రాబ్‌ట్రీ. అడెల్‌ది పోర్ట్ టాల్బట్. మన టాటాల ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు. 2024 సెప్టెంబరు చివర్లో అక్కడి ఆఖరి బ్లాస్ట్ ఫర్నేస్ ఆగిపోయింది. అలాంటి ఊరినుంచి వచ్చిన మనిషికి ‘ఒపేరా ఎవరిది?’ అన్న ప్రశ్న కొత్తగా ఎవరూ వేయనక్కర్లేదు.

మనకు సంబంధించింది ఇంకొకటుంది. 2022లో ఈ కంపెనీ ‘మైగ్రేషన్స్’ అనే కొత్త ఒపేరాను ఇదే వేదిక మీద తొలిసారి ఆడింది. వలసల కథలు కొన్ని కలిపి కుట్టింది. అందులో ఒకటి 1960ల్లో బ్రిటన్ ఆసుపత్రుల్లో పనికొచ్చిన భారతీయ డాక్టర్లది. రాసింది శ్రేయా సేన్ హ్యాండ్లీ. సితార్ కళాకారుడు జస్‌దీప్ సింగ్ డేగన్ సంగీతంలో పాలుపంచుకున్నాడు. లోయల్లో గనివాళ్ల ఊపిరితిత్తులు పరీక్షించింది, ప్రసవాలు చేసింది చాలాచోట్ల మనవాళ్లే. దేశం కాని దేశంలో, స్టెతస్కోపు మెడలో వేసుకుని గుమ్మం గుమ్మం ఎక్కిన ఆ డాక్టర్లు ఒపేరా పాత్రలవుతారని వాళ్లే అనుకుని ఉండరు.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. ఒపేరా ఆడే వారాలు తక్కువ కాబట్టి తేదీలు చూసుకుని ప్రయాణం పెట్టుకోండి. పట్టుచీర, కోటు అక్కర్లేదు, నా వరసలో సగం మంది జీన్స్‌లోనే ఉన్నారు. గంట ముందే చేరితే పై అంతస్తులో అక్షరాల కిటికీ దగ్గర సీటు దొరుకుతుంది. చీకటి పడేవేళ అక్కణ్నుంచి చూస్తే ఎదురుగా ఎర్ర ఇటుకల పియర్‌హెడ్ భవనం, పక్కన సెనెడ్ మెట్లు, వెనక నీళ్లు. తెర దించాక మాత్రం తొందరపడి లేవకండి. ముందు కోరస్ వచ్చి నమస్కరిస్తుంది. కార్డిఫ్ వాళ్లు చప్పట్లు ఎక్కడ మొదలుపెడతారో చూడండి.